చిట్టా రాసుకున్న కుర్రాడు

షెఫీల్డ్ పడమటి అంచున, ఎత్తైన నేల మీద హాలమ్‌షైర్ గోల్ఫ్ క్లబ్ ఉంది. 1897లో పుట్టిన క్లబ్. కత్తులకూ ఉక్కుకూ పేరుపడ్డ ఆ ఊరి గోల ఇక్కడికి చేరదు. చేరేదల్లా బీడు కొండల మీదుగా వచ్చే చలిగాలి. తిన్నగా వెళ్ళే బంతిని అది పక్కకు తోసేస్తుంది.

ఆ గాలిలో ఒక బక్కపల్చని కుర్రాడు ఆట నేర్చుకున్నాడు. పేరు మాథ్యూ ఫిట్జ్‌పాట్రిక్. 1994 సెప్టెంబరు 1న షెఫీల్డ్‌లోనే పుట్టాడు. టీనేజిలో ఉండగానే అతనికి ఒక అలవాటు పట్టుకుంది. పోటీలో కొట్టిన ప్రతి షాటూ రాసుకోవడం. ఎంత దూరం నుంచి కొట్టాడు, ఏ కర్ర (క్లబ్) వాడాడు, బంతి ఎక్కడ పడాలనుకున్నాడు, ఎక్కడ పడింది? అన్నీ కాగితం మీదికి ఎక్కాలి.

మన ఊళ్ళలో కిరాణా కొట్టు కట్టేసే ముందు రోజు చిట్టా రాస్తారు చూడండి, అలాంటిదే ఇది. బాకీ పడినవాడు చుట్టమైనా సరే, చిట్టా మొహమాటపడదు. తన తప్పులకు తానే బాకీదారై, ఆ బాకీలను తన చేత్తోనే రాసుకోవాలంటే పెద్దవాళ్ళకే మనసొప్పదు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లవాడు అది చేశాడంటే నాకు అతని మీద గౌరవం కలుగుతుంది.

మనలో చాలామందికి గోల్ఫ్ అంటే గోల్కొండ నయా ఖిలా పక్కన కనిపించే పచ్చిక, తీరుబడి ఉన్నవాళ్ళ కాలక్షేపం. వృత్తిగా ఎంచుకున్నవాడికి మాత్రం అది ఒంటరి కూలిపని. నాలుగు రోజులు, రోజుకు 18 రంధ్రాలు. గెలుపు ఓటముల మధ్య తేడా తరచూ ఒక్క షాటే. ఆ ఒక్కటి ఎక్కడ జారిపోయిందో చిట్టా లేకపోతే తెలియదు.

2012లో బ్రిటిష్ బాయ్స్ చాంపియన్. 2013 జూలైలో మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో అమెచ్యూర్లందరిలో మెరుగ్గా ఆడి వెండి పతకం అందుకున్నాడు. మరుసటి నెల అమెరికాలో, బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో, ద కంట్రీ క్లబ్ మైదానంలో యూఎస్ అమెచ్యూర్ గెలిచాడు. 1911లో హెరాల్డ్ హిల్టన్ తర్వాత ఆ కప్పు ఇంగ్లండుకు రావడం అదే మొదలు. క్లబ్బుల సంచి మోసింది తమ్ముడు అలెక్స్. తమ్ముడికి పద్నాలుగేళ్ళు, అన్నకు పద్దెనిమిది. ఆ ఏడే మాథ్యూ నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చేరి, ఒక్క టర్మ్ చదివి ఇంటికి తిరిగొచ్చేశాడు. 2014 జూన్‌లో పైన్‌హర్స్ట్‌లో యూఎస్ ఓపెన్ ఆడి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ ఏడాది చివర క్వాలిఫయింగ్ స్కూల్ గట్టెక్కి యూరోపియన్ టూర్‌లో అడుగుపెట్టాడు. మరుసటి ఏడు వోబర్న్‌లో బ్రిటిష్ మాస్టర్స్ గెలిచాడు.

కప్పులు వస్తున్నాయి. చిట్టా మాత్రం ఒకే బాకీని మళ్ళీ మళ్ళీ చూపిస్తోంది. అతని డ్రైవ్, అంటే మొదటి షాట్, తిన్నగా వెళ్తుంది, కానీ పెద్ద మైదానాలకు ఆ దూరం చాలదు. మొదటి షాట్ దగ్గర పడితే రెండో షాట్‌కు పొడుగు క్లబ్ పట్టాలి. పొడుగు క్లబ్‌తో కొట్టిన బంతి తక్కువ ఎత్తులో వచ్చి, రంధ్రం చుట్టూ ఉండే గట్టి గ్రీన్ మీద ఆగకుండా దొర్లిపోతుంది. ఇరవై గజాలు ముందున్నవాడు పొట్టి క్లబ్‌తో పైకి లేపి, బంతిని జెండా పక్కన దించుతాడు.

2020లో బ్రైసన్ డిషాంబో కండలు పెంచి, బండబలంతో కొట్టి యూఎస్ ఓపెన్ గెలిచాడు. కొద్ది రోజులకు వెంట్‌వర్త్‌లో ఫిట్జ్‌పాట్రిక్‌ను దాని గురించి అడిగారు. దూరం కొట్టడం తన దృష్టిలో నైపుణ్యం కాదని, తిన్నగా కొట్టడమే నైపుణ్యమని అతను దాపరికం లేకుండా చెప్పాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఆ తర్వాతిది. అతను తన మాటను పట్టుకుని వేలాడలేదు, లెక్కను నమ్మాడు.

శాషో మెకంజీ కెనడాలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. దూరం పెంచుకోవడానికి ఫిట్జ్‌పాట్రిక్ చేతపట్టింది ఆయన రూపొందించిన సాధనాన్నే. దాని పేరు ద స్టాక్. చూడటానికి ఒక కర్ర, దాని కొసకు తగిలించే బిళ్ళలు, అంతే. బిళ్ళలు మార్చి బరువు పెంచుతూ తగ్గిస్తూ, బంతి లేకుండా, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఊపాలి. ప్రతి ఊపు వేగమూ కొలవాలి, రాయాలి. తర్వాత ఎంత బరువు ఎత్తాలో ఆ అంకెలే చెబుతాయి. మళ్ళీ చిట్టాయే! బరువైన కర్ర బలాన్ని పెంచుతుంది. తేలిక కర్ర ఇంకా వేగంగా కదలడం ఒంటికి నేర్పుతుంది. చేతుల బలంతోనే అయ్యే పని కాదిది. పాదాలు నేలను తన్నితే పుట్టిన బలం తుంటి మీదుగా, నడుము మెలిలోంచి, భుజాల మీదుగా క్లబ్ కొసకు చేరాలి. క్లబ్ వేగం గంటకు ఒక్క మైలు పెరిగితే బంతి రెండున్నర గజాలు ఎక్కువ వెళ్తుందని ఆటగాళ్ళ అంచనా. వినడానికి ఎంత చిన్న లాభమో! దానికోసం ఒళ్ళు హూనం చేసుకోవాలి. పైగా కొత్తగా వచ్చిన వేగం పాత గురిని చెడగొట్టకూడదు. ఆ కాపలా అప్పటి కోచ్ మైక్ వాకర్‌ది.

గ్రీన్ పక్కన కొట్టే చిన్న షాట్లకు అతను చేతులు తిరగేసి పడతాడు, ఎడమచెయ్యి కిందికి, కుడిచెయ్యి పైకి. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది. మణికట్టు వంగకుండా కొట్టడానికి అదే కుదిరింది, అదే ఉంచుకున్నాడు.

2022 జూన్ 19, ఆదివారం సాయంత్రం. మళ్ళీ బ్రూక్‌లైన్, అదే మైదానం, ఈసారి యూఎస్ ఓపెన్. ఆ వారం అతను బస చేసింది కూడా 2013లో ఉన్న ఇంట్లోనే. ఆఖరి రౌండులో 18 గ్రీన్‌లలో 17 నిర్ణీత షాట్లలోనే అందుకున్నాడు. ఒక్క షాట్ ఆధిక్యంతో చివరి రంధ్రానికి వచ్చాడు. అక్కడ మొదటి షాట్ ఎడమకు పోయి ఫెయిర్‌వే బంకర్ ఇసుకలో పడింది. బంతికి ఎదురుగా ఇసుక మధ్యలో గడ్డి దిబ్బ.

ఆ ఏడాదంతా తనను ఏడిపించిన షాట్ ఫెయిర్‌వే బంకర్ షాటేననీ, అది రాకూడదనే కోరుకున్నాననీ తర్వాత అతనే చెప్పాడు. కోరుకోనిదే ఎదురొచ్చింది.

పక్కన సంచి మోసే కేడీ బిల్లీ ఫాస్టర్. యార్క్‌షైర్ మనిషి. సెవె బయెస్టెరోస్, డారెన్ క్లార్క్, లీ వెస్ట్‌వుడ్ లాంటి మహామహుల సంచులు మోసినా, తన ఆటగాడు మేజర్, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీల్లో ఒకటి, గెలవడం ఎన్నడూ చూడలేదు.

తొమ్మిదో నంబరు ఐరన్. దిబ్బను తప్పించుకుంటూ ఎడమ నుంచి బయల్దేరిన బంతి గాలిలో కుడికి వంగింది, గ్రీన్ మీద దిగింది, రంధ్రానికి సుమారు 18 అడుగుల్లో ఆగింది. రెండు పుట్‌లతో పార్, అంటే ఆ రంధ్రానికి నిర్ణయించిన షాట్లలోనే పూర్తి. సమం చేయడానికి ప్రత్యర్థి విల్ జలటోరిస్ కొట్టిన బంతి రంధ్రం అంచు దాటిపోయింది. మొత్తం 274, పార్‌కు ఆరు తక్కువ. ఒక్క షాట్ తేడా.

ఒకే మైదానంలో యూఎస్ అమెచ్యూర్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచిన మగవాళ్ళలో అంతకుముందు జాక్ నిక్లాస్ ఒక్కడే ఉన్నాడు.

బిల్లీ ఫాస్టర్ పద్దెనిమిదో రంధ్రం జెండాను చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఆ గుడ్డను పెదవులకు ఆనించుకున్నాడు.