మదనపల్లెకు వచ్చిన ఐర్లండు కవి

జనగణమనకూ మదనపల్లెకూ గల సంబంధం మనలో కొందరికి తెలిసినదే. ఆ కథలో ఐర్లండు దంపతులు ఇద్దరున్నారు. వారి దేశచరిత్ర మనవంటి వలస కుటుంబాలు తెలిసికోదగినది.

ఐర్లండు ఆంగ్లేయుల ఏలుబడిలో మగ్గిన చిన్న ద్వీపం. 1831 నుండి అచ్చటి సర్కారు బడులలో చదువు ఇంగ్లీషులోనే సాగింది. 1845లో ఉర్లగడ్డ పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షలమంది మరణించారు. మరెందరో ఓడలెక్కి వలసపోయారు. వీరిలో ఐరిష్ భాష మాట్లాడే బీదలే ఎక్కువ. పరదేశంలో ఇంగ్లీషు ఉంటేనే బ్రతుకుతెరువని, కన్నవారే పిల్లలతో తమ భాష మాట్లాడడం మానుకొన్నారు.

1893లో డగ్లస్ హైడ్ ప్రభృతులు గేలిక్ లీగును స్థాపించి ఆ భాషను మరల నేర్పసాగారు. యేట్స్, లేడీ గ్రెగరీ పూర్వగాథలకు ఇంగ్లీషులోనే క్రొత్త ఊపిరి పోశారు. 1904లో డబ్లిన్‌లో అబ్బే నాటకశాల వెలసింది. 1916 తిరుగుబాటుకు నాయకుడైన పియర్స్ స్వయంగా కవి, ఉపాధ్యాయుడు. బరంపురపు తెలుగుబిడ్డ వి.వి.గిరిగారు ఆ రోజులలో డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదువుతూ ఉండేవారు.

ఈ సాహిత్యోద్యమంలో పాల్గొన్న కవి జేమ్స్ కజిన్స్. 1915లో అనిబిసెంటుగారి పిలుపుపై భార్య మార్గరెట్‌తో మద్రాసు వచ్చి, 'న్యూ ఇండియా' పత్రికలో చేరారు. ఐరిష్ తిరుగుబాటును మెచ్చుతూ వ్రాసినందుకు ఆ కొలువు పోయింది. పిమ్మట మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. మన కళలను, సాహిత్యాన్ని గూర్చి గ్రంథాలు వ్రాశారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అచ్చట విడిది చేసి, జనగణమనను పాడి, ఇంగ్లీషులోనికి అనువదించారు. సంగీతం నేర్చిన మార్గరెట్ అమ్మగారు దానికి స్వరలిపి వ్రాశారు. కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

మరి ఐరిష్ భాష ఏమైనది? 1922లో స్వరాజ్యం వచ్చింది. ఐరిష్ జాతీయభాష అయినది. బడులలో బోధన మొదలైనది. అయినా 2022 జనాభా లెక్కలలో, యాభై లక్షలు దాటిన జనంలో, బడి వెలుపల నిత్యం ఆ భాష మాట్లాడేవారు సుమారు 72 వేలమందే! సర్కారు భాషను బడిలో పెట్టగలదు గాని, ఇంటిలో పెట్టలేదు.

మన పావగడ తాలూకాను చూడండి. చాలవరకు ఆంధ్రదేశమే దానిని చుట్టుకొని ఉన్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడం. కన్నడం మనకు ఆశ్రయమిచ్చిన భాష. దానిని శ్రద్ధతో నేర్వవలసినదే. రెండు భాషలు ఒక నాలుకపై కలహించవు. అయితే మన పిల్లలలో అనేకులు తెలుగు మాట్లాడగలరే గాని చదువలేరు. అవ్వతాతల జాబులు వారికి అక్కరకు రావు.

సోదర సోదరీమణులారా! ఈ ఉగాదినాడు పంచాంగశ్రవణంతో పాటు పలకా బలపం కూడ తీయండి. దినానికి పది నిమిషాలు చాలు. వచ్చే ఉగాది సంచికను మన పిల్లలే మనకు చదివి వినిపింతురు గాక!