పానం బాగలేదంటే ఎన్ని మార్కులు?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఆడవాళ్ళు “పానం మంచిగ లేదు” అంటారు. జ్వరమొచ్చినా అదే మాట, బిడ్డ కాపురం చెడి ఇంటికొచ్చినా అదే మాట. పానమంటే ఒళ్ళూ, ప్రాణమూ కూడా. మనోవైద్యుల ప్రశ్నావళులు చదివినప్పుడల్లా నాకీ మాట అడ్డొస్తుంది.

గర్భసంచి పేరుతో హిస్టీరియాని స్త్రీలకు అంటగట్టిన చరిత్ర మనకు తెలిసిందే. అది పాతకాలపు ముచ్చటేం కాదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తెచ్చిన డీఎస్ఎం-3లో 37 శారీరక బాధల జాబితా ఉంది. కారణం దొరకని బాధలు ఆడవాళ్ళకు 14, మగవాళ్ళకు 12 ఉంటే అది ‘సొమటైజేషన్’ జబ్బు. నెలసరి బాధలు, గర్భంతో ఉన్నప్పటి వాంతులు కూడా ఆ జాబితాలోవే! 2013లో డీఎస్ఎం-5 వచ్చేసరికి ‘కారణం దొరకని’ అన్న షరతు పోయింది.

2002లో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ ప్రచురించిన పీహెచ్‌క్యూ-15 సులువైనది. గత నాలుగు వారాల్లో 15 బాధలు ఎంత ఇబ్బంది పెట్టాయో చెప్పాలి. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. మొత్తం 15కి చేరితే తీవ్రం. బాధకు కారణముందా లేదా అని అడగదు. అది దాని మంచితనం, లోపం కూడా. కోరుట్లలోనో సిరిసిల్లలోనో చాట ఒళ్ళో పెట్టుకుని రోజంతా వంగి బీడీలు చుట్టే ఆమెను అడగండి. నడుముకు రెండు, చేతులకు రెండు, తలనొప్పి, ఆయాసం, నీరసం, నిద్రలేమి, గ్యాసు, నెలసరి రెండేసి. పదహారు! తంబాకు గురించి, కూలి గురించి ఒక్క ప్రశ్నా లేదు.

తెల్లబట్ట గురించీ లేదు. మన ఆడవాళ్ళు డాక్టరు దగ్గర గొంతు తగ్గించి చెప్పే మొదటి బాధ అదే కదా. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2000ల మధ్యలో చేసిన అధ్యయనం ఈ ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్ కన్నా మానసిక వేదనతోనే గట్టి సంబంధం చూపింది. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడి రెండు పల్లెల్లో రాణీ బంగ్ బృందం 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్‌లో ప్రచురించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష, వైద్యం అందినవాళ్ళు 8 శాతమే. వ్యాధి ఉండీ ఏ బాధా చెప్పనివాళ్ళు ఎందరో. ప్రశ్నావళిలో వాళ్ళకు సున్నా పడుతుంది.

అందుకే పదహారు మార్కులొచ్చిన ఆమెను మనసు డాక్టరు దగ్గరికి పంపేముందు, ఆమెను ఎవరైనా బల్లమీద పడుకోబెట్టి పరీక్ష చేశారా అని అడుగుతాను. మండల ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఉండే రోజేదో కూడా.