వారెన్ కౌంటీ విషపు మట్టి

ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి వచ్చిన మన పెద్దల చరిత్రను మనం ఎన్నోసార్లు చెప్పుకొన్నాము. ఈసారి తోటలలో చెమటోడ్చిన మరొక జాతి సంతతిని గూర్చి చెప్పుకొందాము. వారు అమెరికా నల్లజాతివారు. వారి పూర్వులు మన పెద్దలవలె ఒప్పందానికి వ్రేలిముద్ర వేసి వచ్చినవారు కారు, బానిసలుగా అమ్ముడుపోయినవారు. ఆ భేదాన్ని మరువరాదు. కాని తోటల కాలం పోయిన తరువాత ఆ నేల మీద మిగిలిన పేదల పాలికి ఏమి వచ్చినదో చూచినప్పుడు, రెండు కథలకు పోలిక కనబడుతుంది.

1978 వేసవిలో ఉత్తర కరోలినా రాష్ట్రంలో కొందరు రాత్రివేళల లారీతో తిరుగుతూ రోడ్డు అంచుల వెంట నూనె పారబోసినారు. 14 కౌంటీలలో, సుమారు 240 మైళ్ళ పొడవున, 31,000 గ్యాలన్లకు దగ్గరగా వదలిపెట్టినారు. అది విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల నుండి తీసిన, పి.సి.బి. అనే రసాయనం కలిసిన పాత నూనె. ఈ రసాయనం మట్టిలో త్వరగా నశించదు. చేపల ద్వారా, పాల ద్వారా మనిషి ఒంటిలో చేరి క్రొవ్వులో నిలిచిపోతుంది. క్యాన్సరు కలిగిస్తుందని కూడా తేలినది. దానిని చట్టప్రకారం వదిలించుకొనాలంటే చాలా ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకొనేందుకే ఈ దొంగపని జరిగినది. దోషులకు శిక్ష పడినది. విషం మాత్రం రోడ్డు ప్రక్కనే ఉండిపోయినది.

ఆ మట్టిని తవ్వి ఎక్కడ పాతిపెట్టాలి? ప్రభుత్వం పలు స్థలాలు చూచి వారెన్ కౌంటీలోని ఆఫ్టన్ గ్రామాన్ని ఎన్నుకొన్నది. ఒకప్పుడు పొగాకు, పత్తి తోటల యజమానులు ధనవంతులై వెలిగిన సీమ అది. 1980 నాటికి ఆ కౌంటీ జనంలో సగానికి పైగా నల్లజాతివారు; రాష్ట్రంలోని అతి పేద కౌంటీలలో అది ఒకటి. ఆఫ్టన్‌లో భూగర్భజలం పైపైనే ఉన్నది. ఊరివారు బావినీళ్ళు త్రాగేవారు. పాతరకు, అడుగునున్న నీటికి మధ్య 50 అడుగుల ఎడం ఉండాలన్న నిబంధనను అధికారులు ఇక్కడ సడలించినారు. నేల అనువైనది కానప్పుడు ఈ ఊరినే ఎందుకు ఎన్నుకొన్నారు? తమ మాటకు విలువ లేదనుకొన్నందువల్లనే అని ఊరివారు అన్నారు.

కోర్టులకు పోయినా ఫలితం లేకపోయినది. 1982 సెప్టెంబరు 15న లారీలు మట్టితో బయలుదేరినవి. కోలీ స్ప్రింగ్స్ బాప్టిస్టు చర్చి నుండి జనం ఊరేగింపుగా నడచివచ్చినారు. ఆడవారు, పిల్లలు సైతం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకొన్నారు. ఇరుగుపొరుగు తెల్లవారు కొందరు కూడా వారితో కలిసినారు. సుమారు ఆరు వారాలలో 500 మందికి పైగా అరెస్టు అయినారు. అయినను మట్టి అంతా పాతరలోకే చేరినది.

ఆ ఓటమిలో నుండి ఒక లెక్క పుట్టినది. అరెస్టు అయినవారిలో అమెరికా కాంగ్రెసులో వాషింగ్టన్ నగర ప్రతినిధి వాల్టర్ ఫాంట్‌రాయ్ ఒకరు. ఆయన కోరిక మీద కాంగ్రెసు వారి తనిఖీ కార్యాలయం 1983లో ఆగ్నేయ రాష్ట్రాలలోని నాలుగు విషవ్యర్థాల పాతరలను పరిశీలించినది. నాలుగింటిలో మూడు నల్లవారు అధికంగా ఉన్న ఊళ్ళలోనే తేలినవి. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంస్థ దేశమంతటి లెక్కలు తీసినది. ఇటువంటి స్థలాలు ఎక్కడ వెలుస్తున్నవో చెప్పటానికి అక్కడి జనం ఆదాయం కంటే వారి జాతియే పెద్ద గుర్తు అని చూపినది. 1994 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్, ప్రభుత్వ శాఖలు తమ పనులలో ఈ అన్యాయాన్ని గమనించి సరిదిద్దవలెనని ఉత్తర్వు ఇచ్చినారు. వారెన్ కౌంటీ వారు పట్టు విడువలేదు. సుమారు 1 కోటి 80 లక్షల డాలర్ల ఖర్చుతో, 2003 చివరికి ఆ మట్టిలోని విషం తీసివేయబడినది. పాతర తవ్వినప్పటి నుండి 21 ఏండ్లు పట్టినది.

క్లింటన్ ఉత్తర్వును 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ రద్దుచేసినారు. పైవారు ఇచ్చినది పైవారు తీసుకొనగలరు. ప్రజలు తీసిన లెక్కను మాత్రం ఎవరూ రద్దు చేయలేరు.

ఇది పరాయి కథ అని మనం అనుకొనరాదు. డర్బన్ దక్షిణాన మేర్‌బ్యాంకులో భారతీయ కుటుంబాలు చమురుశుద్ధి కర్మాగారాల పొగలో తరాలు గడిపినవి. అక్కడి సెట్లర్స్ ప్రాథమిక పాఠశాలలో చేసిన పరిశోధనలో సుమారు సగం మంది పిల్లలకు ఉబ్బసం ఉన్నట్లు 2002లో తేలినది. తల్లులు ఏనాటినుండో చెబుతూ వచ్చిన మాటే అది. అంకె తోడైన తరువాతనే నలుగురూ విన్నారు.

ఓర్పు మన పెద్దలను బ్రతికించినది. తోటలో అది తప్పనిసరి. కాని మన పెరట్లో విషం పోసేవాడికి మన ఓర్పే అండగా నిలుస్తుంది. మన ఊరి వాగులో ఏ రంగు నీరు పారినదో, ఏ రాత్రి ఏ లారీ వచ్చినదో, ఏ వీధిలో ఎందరు పిల్లలు దగ్గుతున్నారో తేదీలతో వ్రాసి ఉంచుదాము. మన పెద్దల పేర్లు ఓడల చిట్టాలలో పరాయివారు వ్రాసినారు. మన పిల్లల లెక్క మనమే వ్రాసుకొందాము.