మట్టి లేని వేరు

 

మట్టి లేకుండా మొక్క బ్రతుకుతుందని మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రైతుతో అంటే నవ్వుతాడు. ఆ నవ్వులో తప్పు లేదు. తరతరాలుగా పత్తినీ మిరపనూ పెంచి మనకు కూడు పెట్టింది ఆ నేలే గదా! అయితే మీ వసారాలో సీసా నీళ్లలో పెట్టిన మనీ ప్లాంటు తీగను ఒకసారి చూడండి. మట్టి అంటకుండానే తెల్లని వేళ్లు తొడుగుతుంది. ఇది ఎట్లా సాధ్యమన్న ప్రశ్న వెనుక దాదాపు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది.

బ్రస్సెల్సు పట్టణంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన ఎండబెట్టిన మట్టి 200 పౌన్లు తూచి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి మాత్రం సుమారు 2 ఔన్సులే తరిగింది. చెట్టంతా నీళ్లే అని ఆయన తేల్చాడు. ఆయన పోయిన తరువాత 1648లో ఈ సంగతి అచ్చయింది. గాలి నుంచి కూడా చెట్టు ఆహారం తయారు చేసుకుంటుందని ఆయనకు తెలియదు. తరిగిన ఆ 2 ఔన్సులను లెక్కలోకి తీసుకోలేదు. అసలు రహస్యంలో ఒక పాలు అక్కడే ఉన్నది.

1699లో ఇంగ్లాండులో ఉడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు పుదీనా జాతి మొక్కను వాన నీటిలో, నది నీటిలో, మురుగు నీటిలో విడివిడిగా పెంచాడు. వాన నీటిలో కంటె మట్టి కలిసిన నీటిలో మొక్క బాగా ఎదిగింది. అంటే ఉత్త నీరు చాలదు, నీటిలో కరిగినదేదో కావాలన్నమాట. ఆ కరిగినది లవణాలని తేల్చి, 1860 ప్రాంతంలో జర్మనీలో సాక్స్, నాప్ అనే పండితులు లవణాల నీటిలోనే మొక్కలను పెంచి చూపించారు. 1929 నుంచి కాలిఫోర్నియాలో గెరిక్ అనే ఆచార్యుడు ఈ విద్యను ప్రయోగశాల గోడ దాటించాడు. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అనే పేరు వచ్చింది.

మన దేశమేమీ వెనుకబడలేదు. 1946లో బెంగాలులో, డార్జిలింగు జిల్లా కాలింపాంగ్ ప్రాంతంలో, షోల్టో డగ్లస్ ఈ పని చేపట్టాడు. ఖరీదైన యంత్రాల జోలికి పోకుండా చౌకగా దొరికే సామాన్లతో సేద్యం చేసే ఆ పద్ధతికి బెంగాల్ పద్ధతి అని పేరు. 1951లో దానిపై పుస్తకం వెలువడింది.

ఇంటి మొక్కలకు నేడు వాడే మట్టి గుండ్ల కథ ఇంకొకటి. 1918లో అమెరికాలో హేడ్ అనే ఇటుకల తయారీదారు, బట్టీలో ఉబ్బిపోయి తేలికైన రాయి తయారుచేసే పద్ధతికి హక్కుపత్రం పొందాడు. కాంక్రీటు కోసం పుట్టిన విద్య అది. అదే తీరున బంకమట్టిని బాగా కాలిస్తే లోపల బుడగలు లేచి గుండ్లు తయారవుతాయి. అవి నీటిని పైకి పీల్చుకుంటాయి. గుండుకూ గుండుకూ మధ్య గాలి ఆడుతుంది.

చేసే విధం సులభం. కుండీ పక్కన, అడుగు నుంచి రెండంగుళాల ఎత్తున రంధ్రం పెట్టండి. గుండ్లు కడిగి నింపండి. మనీ ప్లాంటు వంటి తీగ ముక్కను నీటిలో వేరు పోయించి నాటండి. నీరు రంధ్రం దాటి నిలవదు. పైవేళ్లకు గాలి, కింద తడి. మట్టిలో పెరిగిన మొక్కనైతే వేళ్ల మట్టి పూర్తిగా కడగాలి. పాత వేళ్లు కొన్ని కుళ్లుతాయి, కొత్తవి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

ఎరువు పలుచగా ఇవ్వండి. యూరియాను నమ్ముకోవద్దు. పొలంలో యూరియాను నత్రితంగా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. కాల్చిన గుండ్లలో ఆ సేన పలుచన. నత్రిత రూపంలో నత్రజని ఉన్న, నీటిలో కరిగే ఎరువు మేలు. బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్లలో గుండ్లపై తెల్లని పొర కడుతుంది. వాన నీరు పట్టుకొని వాడండి. నెలకొకసారి మంచినీటితో బాగా కడిగి పారబోయండి.

“ఇది పట్నం వారి వేడుక, మాకెందుకు?” అంటారేమో. మీ మిరప నారు సంగతి చూడండి. నారుమడిలో తడి ఎక్కువైతే నారుకుళ్లు తగిలి, మొలకలు మొదలు వద్ద మెత్తబడి వాలిపోతాయి. విత్తనం ఖరీదు, అదను రెండూ పోతాయి. నీడ వలల కింద ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి పెంచే నారు ఈ విద్యకు తోబుట్టువే. అక్కడా నీరు అతిగా పోస్తే నారు చస్తుంది సుమా! నాటిన చేలోనూ అంతే. భారీ వాన తరువాత నల్లరేగడిలో నీరు నిలిస్తే మిరప వడలిపోతుంది. చుట్టూ నీరుండి మొక్క వడలడమేమిటి? వేరుకు ఊపిరి ఆడకపోవడమే.

కనుక సోదరులారా, మట్టిని వదలమని ఈ చరిత్ర చెప్పడం లేదు. పత్తికీ మిరపకూ మన రేగడే తల్లి. వేరు కోరేవి నీరు, లవణాలు, గాలి, నిలబడే ఆధారం. ఈ నాలుగూ మట్టి ఒక్కటే ఇస్తుంది, గాలికి మాత్రం మనం దారి చేయాలి. వాన రాకముందే మురుగు కాలువ తీయండి. వసారాలోని ఆ కుండీ మీ పిల్లలకు ఈ పాఠం రోజూ చెబుతుంది.