పురిటిల్లును కోరింత దగ్గును

కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గృహస్థులకు కోరింత దగ్గు తరతరములుగా పరిచితమైన శత్రువు. పగలెల్ల ఆడుకొనిన బిడ్డ రాత్రి కాగానే ఊపిరి తిరుగక దగ్గి దగ్గి, ముఖము కందగడ్డ వలె చేసికొని, తుదకు కూత పెట్టినట్లు శ్వాస నీడ్చుకొని, త్రాగిన పాలెల్ల కక్కివేయుచుండగా, తల్లి ఆ బిడ్డను భుజమున వేసికొని తెల్లవారువఱకు వసారాలో తిరుగుచుండెడిది. ఇట్లు ఒక రాత్రి కాదు, రెండు మూడు మాసములు.

చరకుడు చెప్పిన పంచవిధ కాసలను ఎఱిగిన వైద్యులు అడ్డసరపు కషాయమును, తేనెతో పిప్పలి చూర్ణమును ఇచ్చుచుండిరి; మెడలో తాయెత్తు కట్టువారును కలరు. గాడిదలను వీధివీధికి తోలుకొని వచ్చి, అడిగినవారి ముంగిటనే పాలు పితికి ఉగ్గుగిన్నెలో పోసి పోవు వాడుక నేటికిని ఈ సీమలో మాసిపోలేదు. వీనివలన గొంతునకు కొంత ఉపశమనము కలిగిన కలుగవచ్చును గాని, వ్యాధి ఒకరినుండి మఱియొకరికి ప్రాకుటను ఆపగల శక్తి వీనిలో దేనికిని లేదు.

పురుడు పాటించు ఆచారము మాత్రము, అశౌచభావనయే దానికి మూలమైనను, బారసాలవఱకు పరులను శిశువు చెంతకు రానీయక కొంత మేలు చేసినదనియే నా తలంపు. అయితే ఆ కట్టుబాటు వీధివారికే గాని ఇంటివారికి కాదు. దగ్గుచున్న అన్నను, ఒడిలో వేసికొని లాలించు అమ్మమ్మను అది ఆపలేదు.

ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1906లో బ్రస్సెల్సు నగరమున బోర్డె, జాంగూ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1930వ దశకమున అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణమున పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అను ఇరువురు వనితలు, పగటి ఉద్యోగము ముగించుకొని, పేదల యిండ్లలో కిరసనాయిలు దీపపు వెలుతురున దగ్గు బిడ్డల నమూనాలు సేకరించి, నమ్మదగిన టీకాను సిద్ధపఱచిరి. అటుపిమ్మట అది కంఠసర్పి, ధనుర్వాతముల టీకాలతో కలిసి ట్రిపుల్ యాంటిజెన్ అయినది. 1953లో హైదరాబాదున స్థాపితమైన బయోలాజికల్ ఇ. సంస్థ కూడ దానిని తయారుచేసినది.

1977 నవంబరు 19వ తేది ఉప్పెన బాపట్ల, రేపల్లె తీరములను ముంచివేసిన మఱుసటి యేటనే భారత ప్రభుత్వము విస్తృత టీకా కార్యక్రమమును ఆరంభించెను. 1985లో అది సార్వత్రికమైనది. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలువలోనే ఉండవలసిన, గడ్డకట్టినచో నిష్ఫలమగు ఆ మందును మంచుపెట్టెలో మోసికొని ఊరూర తిరిగిన నర్సమ్మల శ్రమకు తగిన చరిత్ర యింకను వ్రాయబడలేదు. సూది వేసిన రాత్రి బిడ్డకు జ్వరము వచ్చి తొడ వాచిన, తల్లి రెండవ మోతాదుకు వెనుదీయుట సహజమే. కాని జపాను దేశము 1975లో ఇట్టి భయముచేతనే టీకాను నిలిపివేయగా, 1979లో పదమూడువేల మందికి వ్యాధి సోకి 41 మంది మరణించిరి.

మన దేశమున బిడ్డకు ఆరు, పది, పదునాలుగు వారములకు మూడు మోతాదులు. పదునాఱు మొదలు ఇరువదినాలుగు మాసముల లోపల ఒకటి, అయిదాఱేండ్ల వయస్సున ఒకటి బూస్టరులు. అంతటితో రక్ష శాశ్వతమని తలంపరాదు. టీకావలన గాని వ్యాధివలన గాని కలిగిన శక్తి కాలక్రమమున సన్నగిల్లును. పెద్దవానికి విడువని దగ్గు మాత్రమే యైనది, తొలి సూదికైన నోచుకొనని పసికందుకు ప్రాణాంతకమగును. 2010లో కాలిఫోర్నియాలో తొమ్మిదివేలకు పైబడి రోగులు తేలి, పదిమంది శిశువులు మరణించిరి. 2012నుండి అమెరికాలో ప్రతి గర్భిణికిని ప్రతి కాన్పునందును, కోరింత దగ్గు మందును కలిసిన టీడాప్ టీకా వేయవలెనని నిర్ణయించిరి. తల్లి రక్తమునందలి రక్ష గర్భస్థ శిశువునకు సంక్రమించును.

పుట్టింట పురుడు పోయు ఆచారము నేడు తలక్రిందులై, తెనాలి తలిదండ్రులే కూతురి కాన్పుకు సముద్రములు దాటి పోవుచున్నారు. బయలుదేరుటకు ముందు టీడాప్ వేయించుకొని రండని అక్కడి బిడ్డలు వారికి చెప్పుచున్నారు. మన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణికి వేయు టి.డి. టీకాలో కోరింత దగ్గు మందు లేదు. కావలసినవారు వైద్యుని అడిగి కొనుక్కొనవలెను. అమెరికాలో పుట్టబోవు మనుమనికై చేయి చాపి సూది వేయించుకొను ఆ అమ్మమ్మనే, తెనాలిలో పుట్టబోవు మనుమరాలికై అట్లు వేయించుకొమ్మని చెప్పువారు అరుదు.