ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి: విన్సెంట్ ఫెర్రర్ సేవా వారసత్వంపై ఒక నైతిక పరిశీలన

అనంతపురం ప్రాంతపు పల్లెల్లో చాలా ఇళ్ల గోడల మీద దేవుడి పటాల వరసలోనే, అక్కడ సేవాసంస్థ నడిపిన స్పెయిన్ దేశస్థుడు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ పటం కూడా వేలాడుతుంటుంది. ఆయన విగ్రహాలు వెలిసిన ఊళ్లూ ఉన్నాయి. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషిని ఇలా నెత్తిన పెట్టుకోవడం ఆ సీమకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోను మాండవ్య ఋషి అంశగా చెప్పుకున్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. భక్తి ముదిరినచోట లెక్కాపత్రం అడిగేవాళ్లుండరు. అవతలి వైపు ఫెర్రర్‌ను అనుమానించేవాళ్లు ‘విదేశీ డబ్బు, మిషనరీ’ అనే రెండు మాటలతో ఆయన కథ ముగించేస్తారు. ఆయన పుణ్యాత్ముడా, కాదా అన్న విచారణ నాకు అక్కరలేదు. సాయం పుచ్చుకున్న మనిషి స్థాయి ఆ సాయం తరువాత పెరిగిందా, అలాగే ఉండిపోయిందా అన్నదే ఈ వ్యాసానికి కొలత.

తమిళనాడులోని ధర్మపురి వైపు నుంచి ఈ కొలత వేయడానికి కారణం ఉంది. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి పాఠాలు మన్రో నేర్చుకున్నది ధర్మపురి చుట్టుపక్కల ప్రాంతమైన బారామహల్‌లోనే. 1792 నుంచి 1799 వరకు పై అధికారి అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేస్తూ ధర్మపురిలో చాలాకాలం ఉన్నాడు. 1800లో ఆ అనుభవంతోనే అనంతపురం వైపు వెళ్లాడు. ఈనాడు 44వ నంబరు జాతీయ రహదారి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు, బెంగళూరు, అనంతపురాలను ఒకే తాడున కట్టింది. ధర్మపురి, అనంతపురం రెండు జిల్లాలవీ మెట్ట సేద్యాలే. వాన మొహం చాటేస్తే రెండు చోట్లా జనం మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతారు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కతోలికులకు 1997లో సేలం నుంచి విడదీసి ధర్మపురి మేత్రాసనాన్ని (డయోసిస్‌ను) ఏర్పాటు చేశారు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇంటి భాషగా ఉన్న ఊళ్లకు కొదవ లేదు. ఫెర్రర్ ప్రశ్న ఈ నేలకు పరాయిది కాదు.

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన ఎబ్రో యుద్ధరంగానికి వెళ్లి, ఓటమి తరువాత నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. లా చదువు వదిలేసి 1944లో యేసు సభలో (జెస్యూట్ గురువుల సంఘంలో) చేరాడు. 1952లో బొంబాయిలో దిగాడు. జీవిత చరిత్రలో ఈ భాగాన్ని భక్తులు విస్తారంగా చెబుతారు. మన విచారణకు కావలసిన కథ మన్మాడ్‌లో మొదలవుతుంది.

మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా మన్మాడ్ కూడా నీటి ఎద్దడి ప్రాంతమే. అక్కడి చిన్న రైతులకు ఫెర్రర్ ఇచ్చింది గోధుమలు, నూనె. వాటిని అన్నదానంగా ఇవ్వలేదు. నీ చేలో నువ్వు బావి తవ్వుకో, తవ్వినన్నాళ్లూ ఇంట్లో పొయ్యి వెలిగే పూచీ నాది అన్నది ఒప్పందం. ఈ ఏర్పాటును కాస్త దగ్గరగా చూడాలి. మెట్ట రైతు బావి తవ్వడానికి పూనుకుంటే ఆ నెలలన్నీ కూలి పోతుంది. కూలి పోతే తిండి గింజలకు షావుకారు దగ్గర అప్పు. బావిలో నీళ్లు పడేలోపే చేను తాకట్టులో ఉంటుంది. చిన్న రైతు బావి తవ్వకపోవడానికి సోమరితనమో మూఢత్వమో కారణం కాదు. ఆ కొన్ని నెలల ఆకలిని తట్టుకునే నిలవ ఇంట్లో లేకపోవడమే కారణం. ఫెర్రర్ వేలు పెట్టింది సరిగ్గా అక్కడ. పలుగూ పారా రైతువి, చెమట రైతుది, బావి రైతుది, దాని నీళ్లూ రైతువే. ఇచ్చినవాడికి దణ్ణం పెట్టినా పెట్టకపోయినా బావి ఎక్కడికీ పోదు. ఆయన జీవితం మొత్తంలో నైతికంగా అత్యంత ఉన్నతమైన పని ఇదేనని నా అభిప్రాయం. తరువాత కట్టిన ఆసుపత్రులూ ఇళ్లూ దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువమందికి మేలు చేశాయి. అయినా ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇంత దగ్గరగా, ఇంత సమానంగా నిలబడిన సందర్భం మళ్లీ అంత సులువుగా కనిపించదు.

ఆ బావులే ఆయనకు శత్రువులనూ తెచ్చిపెట్టాయి. చిన్న రైతు చేతికి నీళ్లొస్తే పెద్ద రైతుకు చవక కూలీ దొరకడు, షావుకారుకు అప్పు అడిగేవాడు దొరకడు. దీనికి ఆ కాలపు గాలి తోడైంది. మధ్యప్రదేశ్‌లో మిషనరీల కార్యకలాపాలపై నియోగి కమిటీ 1956లో నివేదిక ఇచ్చింది. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ మతమార్పిడులపై చట్టాలు చేశాయి. 1968లోనే ఫెర్రర్‌కు దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. వేలాది మంది రైతులు ఆయన కోసం మన్మాడ్ నుంచి బొంబాయి దాకా నడిచారు. చివరకు ఇందిరాగాంధీ జోక్యంతో కొంతకాలం విదేశంలో గడిపి తిరిగి రావచ్చన్న రాజీ కుదిరింది. మరుసటి ఏడు ఆయన తిరిగి వచ్చినప్పుడు చోటిచ్చింది ఆంధ్రప్రదేశ్. అప్పుడు కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి. అనంతపురంలో 1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలైంది. జనం నోట అది ఆర్డీటీ.

మతమార్పిడి అనుమానం విషయంలో సూటిగా మాట్లాడాలి. మిషనరీగా వచ్చినవాడిపై ఆ ప్రశ్న వేయడం తప్పు కాదు. ఆకలితో ఉన్నవాడికి గింజలతోపాటు విశ్వాసాన్ని కలిపి ఇస్తే అది మోసమే. కానీ ఫెర్రర్ 1970లో యేసు సభనే వదిలేశాడు. ఆయన మీద వార్త రాయడానికి వచ్చి ఆ పనిలోనే ఉండిపోయిన ఇంగ్లండు జర్నలిస్టు అన్నె పెర్రీని అదే ఏడు పెళ్లి చేసుకున్నాడు. ఆర్డీటీ ఏ సభకూ మేత్రాసనానికీ చెందని సెక్యులర్ సంస్థగా నడిచింది. గురుత్వం వదిలేసిన మనిషిని జనం చివరిదాకా ఫాదర్ అనే పిలిచారు, అది వేరే సంగతి.

తిరుసభ వైపు నుంచి చూస్తే ఇక్కడ ఒక బాధాకరమైన ముడి ఉంది. విధేయతా వ్రతం పట్టినవాడు సభను విడిచి వెళ్లడం చిన్న విషయం కాదు. అయితే పేద దేశాల అభివృద్ధిని క్రైస్తవ బాధ్యతగా చెప్పిన ఆరవ పౌలు పోపు లేఖ 1967లోనే వెలువడింది. సభాధిపతి పేద్రో అర్రూపే నాయకత్వంలో యేసు సభ 32వ మహాసభ 1974-75లో సమావేశమై, న్యాయం కోసం పాటుపడటం విశ్వాస సేవలో విడదీయరాని భాగమని తీర్మానించింది. ఫెర్రర్ వెళ్లిపోయిన అయిదేళ్లలోపే ఆయన నమ్మిన దారికి దగ్గరగా సభ నడిచి వచ్చింది. ఆయన ఇంకొన్నాళ్లు ఓపిక పట్టవలసిందా? ఎండిపోతున్న చేల మధ్య నిలబడినవాణ్ణి మహాసభ తీర్మానం దాకా ఆగమని అడగడం నాకు న్యాయంగా తోచదు. పునీతుల జాబితాకు చేరే దారిని మాత్రం ఆయన తన చేతులతోనే మూసుకున్నాడు. 2016లో పునీతురాలిగా ప్రకటితమైన మదర్ తెరెసాకూ ఆయనకూ ఉన్న పెద్ద తేడా అది. క్రిస్టఫర్ హిచెన్స్ 1995 నాటి పుస్తకం మొదలు మదర్ తెరెసాపై వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది, ఆమె కేంద్రాల్లో జాలి ఉందిగానీ తగిన వైద్యం లేదన్నది. ఆ విమర్శ ఫెర్రర్‌కు అతకదు. బత్తలపల్లిలో 2000 నుంచి నడుస్తున్న ఆసుపత్రి ఆసుపత్రిలాగే నడుస్తోంది. హెచ్‌ఐవీ రోగులను ఊరు వెలివేసిన రోజుల్లో చేర్చుకోవడమే కాదు, ఆ చికిత్స ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించి తోటి వైద్యుల పరీక్షకు నిలబడింది.

ఆయనపై వేయవలసిన విమర్శ మరొకటి ఉంది. మన్మాడ్ గోధుమలకూ అనంతపురం నిధులకూ మధ్య పద్ధతి మారింది. అనంతపురం పనికి ఆధారం స్పెయిన్‌లోని వేలాది కుటుంబాలు నెలనెలా పంపే స్పాన్సర్‌షిప్ డబ్బు. ఒక్కో దాతకు ఒక్కో బిడ్డ పేరు, ఫొటో అందుతాయి. డబ్బు ఆ బిడ్డ చేతికి పోదు. ఊరుమ్మడి పనుల్లో, బడికీ వైద్యానికీ ఇళ్లకూ కలుస్తుంది. అంతవరకు ఏర్పాటు మంచిదే. కానీ ఆ బిడ్డ దాతకు ఉత్తరం రాయాలి. మాదిగ కాలనీలోనో సుగాలి తండాలోనో చదివే పిల్ల కాగితం మీద ఇల్లు, కొండ, సూర్యుడు బొమ్మ గీసి, కింద తెలుగులో నాలుగు ముక్కలు రాస్తుంది: బాగా చదువుతున్నాను, మా అమ్మానాన్నలు బాగున్నారు, మీరు ఎలా ఉన్నారు. కార్యాలయంలో దాన్ని స్పానిష్‌లోకి తిప్పుతారు. ఆ ఉత్తరంలో ప్రేమ ఉండొచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. అయినా ఎనిమిదేళ్ల పిల్లకు కృతజ్ఞత ఒక విధిగా మారుతోంది. బావి తవ్విన రైతు ఎవరికీ ఉత్తరం రాయలేదు. తన పేదరికాన్ని ఫొటోలో నిలబెట్టాల్సిన అవసరం అతనికి రాలేదు. అనంతపురం పద్ధతి ఎక్కువమందికి అందింది, ఎక్కువకాలం నిలిచింది. దానికి బదులుగా పుచ్చుకునేవాడి మీద మోపిన బరువు ఇది. సేవాసంస్థల చరిత్ర రాసేవాళ్లు దీన్ని దాటేసి పోకూడదు.

1998లో, అప్పట్లో స్పెయిన్ యువరాజు పేరిట ఇచ్చిన ఆస్తూరియస్ సామరస్య పురస్కారాన్ని ఫెర్రర్‌తోపాటు అందుకున్నవారిలో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు యూనస్ ఒకరు. అప్పు ఇచ్చి తిరిగి వసూలు చేసుకునే దారి ఒకరిది, దాత చేయి పట్టించే దారి మరొకరిది. అప్పుకు దాని క్రూరత్వం దానికుంది. సూక్ష్మరుణాల వసూళ్లకు బలైన కుటుంబాలను ఆంధ్రప్రదేశ్ 2010లో కళ్లారా చూసింది. ఆ కోణంలో ఫెర్రర్ దారి మెరుగైనదేనని ఒప్పుకోవాలి.

ఈ తూకంలో ఆయన వైపు బలంగా మొగ్గే పని ఇళ్లది. ఆర్డీటీ కట్టించిన ఇల్లు ఇంటి ఆడమనిషి పేరు మీద ఉంటుంది. తాగొచ్చి తలుపు తన్నే మొగుడికి ఆ గడప తనది కాదని తెలుసు. పెళ్లాన్ని వెళ్లగొట్టే అధికారం ఒక్క కాగితంతో తలకిందులైంది. మహిళా సంఘాలు, దళితవాడల్లో సాయంత్రం బడులు కూడా ఈ కోవలోవే. ప్రభుత్వ బడిలో వెనక బెంచీకి నెట్టిన పిల్లలకు, తమ వాడలోనే దీపం కింద పాఠం చెప్పించి మర్నాడు ముందు బెంచీకి పంపిన పని అది.

ఇక్కడ ధర్మపురి ఒక చేదు నిజాన్ని ముందుకు తెస్తుంది. 2012 నవంబరు 7న నాయకన్‌కొట్టాయ్ దగ్గరి నత్తం, కొండంపట్టి, అణ్ణానగర్ దళిత కాలనీలపై దాడి జరిగింది. కులాంతర వివాహం నెపంగా వచ్చిన గుంపు 200కు పైగా ఇళ్లను తగలబెట్టి, ధ్వంసం చేసింది. ఆ కాలనీల వాళ్లలో చాలామంది బెంగళూరులో రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించినవాళ్లు. గుంపు కళ్లలో పడింది ఆ పక్కా ఇల్లు, బీరువా, టీవీ, మోటారు సైకిలే. ఎవరి దానమూ కాని స్వార్జితమే అలా బూడిదైతే, దానంగా వచ్చిన ఇంటికి పూచీ ఎవరు? ఫెర్రర్ ఇళ్లు కట్టించింది ఎక్కువగా ఊరి వెలుపల ఉన్న వాడల్లోనే. గుడిసె మిద్దె అయింది. ఊరికీ వాడకీ మధ్య గీత అలాగే ఉంది. ఫ్యాక్షన్ రాజ్యమేలిన అనంతపురంలో ఆయన ఏ వర్గంతోనూ నేరుగా తలపడలేదు, భూమి పంపకం అడుగుతూ ఊరేగింపు తీయలేదు. మన్మాడ్‌లో ఒకసారి వెళ్లగొట్టించుకున్న మనిషి రెండోసారి ఆ పరిస్థితి తెచ్చుకోకూడదనుకోవడాన్ని అర్థం చేసుకోగలం. అందుకే ఆయన ఆసుపత్రులు నిలబడ్డాయి. అయినా ఆ మౌనానికి వెల ఉంది, దాన్ని ఆయన ఖాతాలో రాయక తప్పదు. నత్తంలో కాలిన గోడలు చూసినవాళ్లెవరూ ఇల్లు ఇస్తే కులం దానంతటదే కరిగిపోతుందని చెప్పలేరు.

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. సంస్థ భార్య అన్నె, కొడుకు మాంచో చేతుల మీదుగా నడుస్తూ వచ్చింది. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడితే అనంతపురంలో జనం రోడ్డెక్కారు. 1968 నాటి నడకతో దీన్ని పోల్చి చూడాలి. అప్పుడు జనం ఒక మనిషిని ఉంచమని అడిగారు. ఇప్పుడు ఆ మనిషి లేడు, తమ ఆసుపత్రినీ తమ బడినీ ఉంచమని అడిగారు. కృతజ్ఞత నుంచి హక్కు దాకా వచ్చిన దూరం అందులో కనిపిస్తుంది. అదే సమయంలో, యాభై ఏళ్లు దాటాక కూడా ఒక కేంద్ర ప్రభుత్వ అనుమతి పత్రం ఆగిపోతే ఇన్ని గ్రామాల వైద్యం కుదేలయ్యే స్థితి ఉందంటే, ఆ ఆధారపడటాన్ని పెంచిన బాధ్యతలో వ్యవస్థాపకుడికీ వాటా ఉంది.

ఫెర్రర్ పోయాక ఆర్డీటీ ఊళ్లలో ఇంటింటికీ హుండీలు ఇచ్చింది. స్పెయిన్ నుంచి సాయం పొందిన కుటుంబాలే రూపాయి రూపాయి వేసి అనాథలకూ దిక్కులేనివాళ్లకూ ఇచ్చే ఏర్పాటది. ఉత్తరం రాసిన పిల్ల పెద్దదై, అదే కాలనీలో గృహిణిగా ఆ హుండీలో చిల్లర వేస్తోంది. మన్మాడ్ బావి దగ్గర కనిపించిన సమానత్వం మళ్లీ ఇక్కడ పొటమరించింది. ఇక మిగిలింది, ఆ గృహిణికి సంస్థ పద్దు పుస్తకం తెరిచి చూపి, ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టారు, ఎవరు నిర్ణయించారు అని అడిగే చోటు కల్పించడం.