అడిగే చేయి మొదట ఇచ్చే చేయి కావాలి



కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు మన సంఘాల్లో ఎంత సందడి ఉంటుందో చెప్పనక్కరలేదు. కుర్చీ కోసం అన్నదమ్ములే ఎదురెదురు నిలబడతారు. అయితే హాస్టల్ పిల్లల బియ్యం బాకీ సంగతి మీటింగులో వచ్చేసరికి అందరి తలలూ వంగిపోతాయి. "అయ్యగారు చూసుకుంటారులే" అనే మాటతో ప్రార్థన చేసి ముగిస్తారు. అయ్యగారు ఒక్కరే ఊరూరా తిరిగి అడిగి, దొరికినంత తెస్తారు. చాలకపోతే తప్పు ఆయనదే అవుతుంది. నేనూ పాస్టరునే గనుక ఇది కొంత నా ఫిర్యాదులా వినిపించవచ్చు. అయినా ఇది పిల్లల అన్నానికి సంబంధించిన విషయం గనుక చెప్పక తప్పదు.

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి ఈ అలవాటు ఎలా వచ్చిందో ఆలోచించాలి. 1701లో లండనులో ఏర్పడిన ఎస్.పి.జి. మిషను 19వ శతాబ్దంలో ఇక్కడ పని మొదలుపెట్టింది. ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడు, ఆ తరువాత నంద్యాల దానికి కేంద్రాలయ్యాయి. బడి, హాస్టలు, ఉపదేశకుల జీతాలు చాలావరకు ఆ సముద్రం దాటి వచ్చిన డబ్బుతో నడిచాయి. ఇచ్చేవారు ఎక్కడో ఉంటే, ఇక్కడి కమిటీకి ఖర్చు పెట్టడమే పని అయింది. డబ్బు తగ్గినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించినవారు బిషప్ వి.ఎస్. అజరయ్యగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా దోర్నకల్లుకు వచ్చారు. తరువాత మన నంద్యాల ప్రాంతం కూడా ఆయన డయోసీసులో చేరింది. అంతకు ముందే, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ఆయన పాలుపొందారు. పని మనదైతే మనుషులు, డబ్బు, నిర్వహణ మూడూ మనవే కావాలన్నది ఆ సొసైటీ సూత్రం. నిర్వహణ మనది, డబ్బు వేరొకరిది అంటే ఆ సూత్రంలో ఒక కాలు విరిగినట్టే.

లేఖనం చూపే వరుస

దావీదు దేవాలయం కోసం ప్రజలను అడగకముందు తన సొంత బంగారం, వెండి ఇచ్చాడు. తరువాత పితరుల యిండ్ల అధిపతులు, సహస్రాధిపతులు ఇచ్చారు. అప్పుడే ప్రజలు సంతోషించారు (1 దినవృత్తాంతములు 29). ఈ వరుసను మనం తలక్రిందులు చేశాం. కూలికి వెళ్లే విధవరాలు కానుక వేస్తుంది, పెద్దలు లెక్క చూస్తారు.

అయితే సభ్యుడు ఇంత ఇవ్వాలని రేటు పెట్టకూడదు. రేటు పెడితే కుర్చీ డబ్బున్నవాడికే దక్కుతుంది. తన శక్తికొలది, అందరికంటే ముందు, క్రమంగా ఇవ్వడమే నియమం. బియ్యం వండేముందు పిడికెడు తీసి పెట్టే మన తల్లుల అలవాటు కమిటీ సభ్యుడి ఇంట్లోనూ ఉంటే చాలు.

పనిని ఎలా పంచుకోవాలి

మొదట అవసరాన్ని లెక్కగా చెప్పాలి. ఒక హాస్టల్లో 40 మంది పిల్లలున్నారనుకుందాం. ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుంటే రోజుకు 16 కిలోలు, నెలకు 480 కిలోలు అవుతుంది. అంటే 25 కిలోల సంచులు సుమారు 20. కమిటీలో 10 మంది ఉంటే ఒక్కొక్కరి వంతు రెండు సంచులు. వాటిని తనే ఇచ్చినా సరే, కోత ముగిసిన బంధువుల దగ్గర, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చినా సరే. "హాస్టలుకు సహాయం చేయండి" అంటే వినేవారికి ఏమీ తోచదు. "ఈ నెల ఒక సంచి మీది" అంటే చెయ్యి కదులుతుంది.

రెండవది, అందరికీ అడగడం చేతకాదు. అలాంటి సభ్యుడు ఇచ్చినవారి ఇంటికి వెళ్లి కృతజ్ఞత చెప్పి ప్రార్థన చేయవచ్చు, ఉద్యోగంలో స్థిరపడిన పాత విద్యార్థుల పేర్లు వ్రాసి పెట్టవచ్చు, దాతలను హాస్టలుకు తీసుకువచ్చి పిల్లలతో భోజనం చేయించవచ్చు. పని ఏదైనా సరే, సభ్యుడి పేరుకు ఎదురుగా అది మినిట్స్ పుస్తకంలో ఉండాలి. నెహెమ్యా కాలంలో గోడ కట్టినవారిలో ఎవరు ఏ భాగం బాగుచేశారో పేరు పేరునా వ్రాయబడింది గదా.

మూడవది, ఇద్దరిద్దరుగా వెళ్లాలి. రసీదు పుస్తకం వెంట ఉండాలి.

లెక్క లేనిదే నమ్మకం లేదు

యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి డబ్బు వసూలైనా పని జరగలేదు. అప్పుడు మూతకు బెజ్జం వేసిన పెట్టె ఒకటి పెట్టారు. రాజు ప్రధాన మంత్రి, ప్రధాన యాజకుడు కలిసి ఆ డబ్బు లెక్కించేవారు (2 రాజులు 12). పౌలు సైతం యెరూషలేము పరిశుద్ధుల కొరకైన చందాను ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట తీసుకున్నాడు. ఇద్దరు లెక్కించడం, వెంటనే బ్యాంకులో వేయడం, ప్రతి నెలా జమాఖర్చు సంఘానికి చదివి వినిపించడం పాస్టరు మీద అనుమానం కాదు, ఆయనకు రక్షణ.

చట్టం కూడా కొంత తెలియాలి. 80జి ఆమోదం ఉన్న సంస్థకు ఇచ్చినా, రూ. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. అలాంటి దాతను బ్యాంకు ద్వారా ఇవ్వమని సభ్యుడే చెప్పాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణల తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలోని ఖాతాకు రావాలి. ఒక సంస్థ తీసుకున్నది మరొక సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ నుండి చిన్న హాస్టలుకు విదేశీ సహాయం చేరే పాత దారి ఇలా మూసుకుపోయింది. ఇక మిగిలింది మన ఊరి దారే.

వచ్చే కమిటీ మీటింగులో బాకీల జాబితా చదవకముందు ఒక ఖాళీ కాగితం బల్ల చుట్టూ తిప్పండి. ప్రతివారు తన పేరు, తాను ఇచ్చేది, తాను వెళ్లి అడగబోయే ఇద్దరి పేర్లు వ్రాయాలి. మొదటి పేరు అధ్యక్షుడిది కావాలి. అధ్యక్షుడు పాస్టరే అయితే ఆయనదే కావాలి. ఆ కాగితం మీద ప్రార్థన చేసి లేవండి. ఆ తరువాత సంఘాన్ని అడగడానికి మన నోరు తడబడదు.

ప్రభువు మన చేతులను ఈ పరిచర్యకు బలపరచును గాక. ఆమేన్.